వేణ్నీళ్లకు చన్నీళ్లు

వేణ్నీళ్లకు చన్నీళ్లు తోడని మనవారందురు. ఒకరి సంపాదనకు మరియొకరి సంపాదన తోడైనప్పుడు ఈ సామెతను వాడుదుమే గాని, ఆ రెండు నీళ్లును ఎట్లు కలియునో విచారించువారు తక్కువ. నేనును విచారింపలేదు, మా తల్లిగారి భుజము బొబ్బలెక్కు వరకు.

మాది కనిగిరి. నా చిన్నతనమున మా దొడ్డిలో మూడు రాళ్ల పొయ్యిమీద రాగికాగు ఉండెడిది. తెల్లవారకముందే మా అమ్మ చిల్లకంప మంటపెట్టి ఇంటిల్లిపాదికిని నీళ్లు కాచెడిది. గంగాళములో మొదట చన్నీళ్లు పోసి, ఆపైని వేణ్నీళ్లు చెంబుతో కలిపి, మోచేయి ముంచి చూచిన పిదపనే పిల్లలను దగ్గరకు రానిచ్చెడిది. "ముందు చన్నీళ్లు పోయాలిరా. వట్టి వేణ్నీళ్ల పక్కన పిల్లల్ని నిలబెట్టకూడదు" అనెడిది. పొగకు ఆమె కన్నులు ఎఱ్ఱబడుట మేము ప్రతిదినమును చూచుచుంటిమి. అది ఒక కష్టమని మాత్రము ఎవ్వరికిని తోచలేదు.

క్రొత్త ఇల్లు కట్టినప్పుడు గీజరును, ఒకే పిడితో రెండు నీళ్లను కలుపు కుళాయిని పెట్టించితిని. అమ్మకు శ్రమ తప్పినదని సంతోషించితిని. ఒకనాటి ఉదయమున ఆమె ఆ ధార క్రింద స్నానము చేయుచుండగా నేను పెరటిలో మొక్కలకు గొట్టము విప్పితిని. మరుక్షణమే లోపలినుండి కేక వినవచ్చెను. భుజముపై 20 నిమిషములు చల్లని నీరు పోసి, వైద్యుని యొద్దకు తీసికొనిపోతిమి. గాయము మానెను గాని, నా మనస్సు కుదుటపడలేదు.

కుళాయిని నిందించుచు పనివానిని పిలిపించితిని. అతడు దానిని విప్పి చూపి, "దీనికి వేడి తెలవదయ్యా. ఎన్ని నీళ్లొస్తే అన్ని కలుపుతుంది" అనెను. పిడి క్రింద నునుపైన రెండు పింగాణి బిళ్లలు ఒకదానిపై నొకటి యున్నవి. క్రింది బిళ్లలో రెండు నీళ్లకును వేర్వేరు రంధ్రములు. పిడిని ప్రక్కకు త్రిప్పిన నీళ్ల పాళ్లు మారును. పైకెత్తిన ధార పెరుగును. అంతకుమించి దానికి వివేకము లేదు.

ఈ లెక్క చూడుడు. గీజరు నీరు 60 డిగ్రీలు, తొట్టినీరు 25 డిగ్రీలు అనుకొందము. 40 డిగ్రీల నీరు కావలెనన్న మూడు పాళ్లు వేడినీరు, నాలుగు పాళ్లు చన్నీరు కలియవలెను. పెరటి గొట్టము చన్నీటిని లాగుకొని, నాలుగు పాళ్లు ఒక పాలైనచో, పిడి కదలకయే ధార 51 డిగ్రీలు దాటును. ముసలివారి పలుచని చర్మము అంత వేడికి ఎంతోసేపు ఓర్వదు.

ఒకే పిడి కుళాయి పుట్టినదియు ఒక కాలిన చేతినుండియే. 1937లో అమెరికాలో ఆల్ మోయెన్ అను విద్యార్థి రెండు పిడుల కుళాయి వద్ద చేయి కాల్చుకొని, ఒక చేతితోనే రెండు నీళ్లను కలుపు ఉపాయమును వెదకెను. 1947లో అది అంగడికి వచ్చెను. ఇంకొక విధమైన కుళాయియు కలదు. దాని లోపలి మైనము వేడికి ఉబ్బి, వేణ్నీళ్ల దారిని తనంతట తానే ఇరుకు చేయును. అది అమ్మ మోచేతి వంటిది.

ఆ 1937వ సంవత్సరముననే మన ప్రాంతపు నీటిని గూర్చి మరియొక సంగతి వెల్లడియైనది. నాటి నెల్లూరు జిల్లాలో ఎముకలను వంచు జబ్బునకు నీటిలోని ఫ్లోరైడు కారణమని వైద్యులు ఒక వైద్య పత్రికలో ప్రకటించిరి. 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడువరకు కనిగిరి ఆ జిల్లాలోనిదే. అమ్మ మాకు త్రాగునీటిని కూడ కాచియే ఇచ్చెడిది. కాచినందున క్రిములు చచ్చును, ఫ్లోరైడు పోదు. నీరు ఆవిరియైనకొలది దాని పాలు పెరుగును కూడ. లీటరుకు 1.5 మిల్లీగ్రాములకు మించరాదని చెప్పు ఆ విషమును ఏ మోచేయియు కనిపెట్టలేదు; పరీక్షశాలయే చెప్పవలెను. వంగిన మోకాళ్లతో అమ్మ మెట్లెక్కుట చూచినప్పుడెల్ల ఈ మాట నన్ను బాధించును.

ఇప్పుడు పెరటి గొట్టమునకు తొట్టినుండి వేరు దారి వేయించితిని. స్నానపు గదిలో మైనపు కుళాయి పెట్టించితిని. త్రాగునీటిని పరీక్షకు పంపితిని. అది తండ్రి చేయవలసిన పని, నేనైనను ముప్పది యేండ్ల క్రిందటనే చేయవలసిన పని. అమ్మ మాత్రము నేటికిని బకెట్టులో మోచేయి ముంచి చూచియే చెంబు తీయును. నా మనుమడు నవ్వగా వానిని దగ్గరకు పిలిచి, వాని చిన్ని మోచేతిని నీటిలో ముంచి, "ముందు చన్నీళ్లు విప్పాల, తెలిసిందా నాయనా?" అని చెప్పుచుండెను. నేను నవ్వలేదు. ఆ పాఠము ఆడపిల్లలకే కాక మగపిల్లవానికిని అబ్బుచున్నదని సంతోషించితిని.