సోర్సెస్ లిస్టులో ఒక్క మాట

గండిపేట, 2025 ఆగస్టు 4, సోమవారం

ల్యాబ్‌లో ఒక మిషన్ పడుకుంది. తప్పు నాదే. కొత్త పైథాన్ కావాలని పిల్లలు పోరుపెడితే, డెబియన్ 12 లినక్స్ ఉన్న మిషన్లో, ప్యాకేజీలు ఎక్కడినుంచి తేవాలో చెప్పే సోర్సెస్ లిస్టు తెరిచి అడుగున ‘సిడ్’ అని ఒక వరుస చేర్చాను. అది పైథాన్‌తో ఆగుతుందా? లిబ్‌సీ అనే మూల లైబ్రరీని కూడా కొత్తది లాక్కొచ్చింది, దాంతో సగం డెస్క్‌టాప్ ఊడిపోయింది. సాయంత్రం దాకా నల్లటి తెర, ఓ మూల కొట్టుకుంటున్న కర్సర్.

ఆగస్టు 5

సిడ్ అంటే ‘టాయ్ స్టోరీ’లో బొమ్మలు విరగ్గొట్టే పక్కింటి పిల్లాడు. డెబియన్ వాళ్లు అన్‌స్టేబుల్ అనే శాఖకి ఆ పేరు శాశ్వతంగా పెట్టేశారు. ఏ ప్యాకేజీ అయినా మామూలుగా ముందు అక్కడే దిగుతుంది. రెండు నుంచి పది రోజుల్లో పెద్ద తప్పులేవీ బయటపడకపోతే టెస్టింగ్‌కి పోతుంది. సుమారు రెండేళ్లకోసారి టెస్టింగ్‌ని ఫ్రీజ్ చేసి, తప్పులు ఏరి, స్టేబుల్‌గా విడుదల చేస్తారు.

సాయంత్రం గండిపేట చెరువు కట్ట మీద నిలబడితే తట్టింది. మూసీ నీళ్లు 1920 నుంచీ ఇక్కడ ఆగుతున్నాయి. ఆసిఫ్‌నగర్ ఫిల్టర్ బెడ్లు దాటాకే నల్లాలోకి పోతాయి. నేను పోయి మూసీలోనే బిందె ముంచాను.

ఆగస్టు 7

“సార్, స్టేబుల్ అంటే హ్యాంగ్ కాదనేనా?” ఒక పిల్ల అడిగింది.

కూలదని కాదమ్మా, కదలదని. 12లో వచ్చిన పైథాన్ 3.11 చివరిదాకా 3.11గానే ఉంటుంది. భద్రతా లోపాలూ, పెద్ద తప్పులూ మాత్రమే దిద్దుతారు.

ఫ్రీబీఎస్‌డీ అనే ఇంకో ఓఎస్‌లో మరో తిరకాసు. అక్కడ స్టేబుల్ అంటే ఇంకా పని సాగుతున్న శాఖ. మనబోటి వాళ్లకు కావలసింది రిలీజ్. ఈ పేర్లు పెట్టినవాళ్లు కూర్చుని మాట్లాడుకుంటే బాగుండేది.

ఆగస్టు 9, రాఖీ పున్నమి

డెబియన్ 13, ట్రిక్సీ, ఇవాళే విడుదలైంది. చెల్లె రాఖీ కట్టి, “పండుగపూట గూడ ఆ డబ్బానేనా అన్నా?” అని లాప్‌టాప్ మూసేసింది.

ఆగస్టు 11

పొద్దున్నే ల్యాబ్‌కి ఉరికాను. కొన్ని మిషన్ల లిస్టులో 12 పేరు ‘బుక్‌వార్మ్’ అని రాశాను, కొన్నింట్లో బద్ధకంగా ‘స్టేబుల్’ అని. శుక్రవారం దాకా రెండూ ఒకటే. ఇప్పుడు స్టేబుల్ అంటే ట్రిక్సీ. ఎవరైనా అప్‌గ్రేడ్ కొట్టారా, సెమిస్టర్ మధ్యలో 13 దిగబడుతుంది. పిల్లలు వచ్చేలోపు అన్నింట్లో ‘బుక్‌వార్మ్’ అని మార్చాను. మూలన ఉన్న రెండు 32 బిట్ల డబ్బాలతో ఇంకా పెద్ద బెంగ. 13లో వాటికి కెర్నలూ లేదు, ఇన్‌స్టాలరూ లేదు.

బోర్డు మీద రాశాను: ‘సోర్సెస్ లిస్టు ముట్టుకునే ముందు నన్ను పిలవండి.’

మధ్యాహ్నానికి కింద ఎవరో చేర్చారు: ‘సార్ ముట్టుకునే ముందు మమ్మల్ని పిలవాలి.’