కౌలేయకం

అమరకోశం వల్లె వేసినవారికి కుక్కకు గల పర్యాయపదాలు గుర్తుండే ఉంటాయి. మొరిగేది కనుక భషకం. మృగాలను కరచి పట్టేది కనుక మృగదంశకం. దేవశుని సరమ సంతతి కనుక సారమేయం. వీటి నడుమ నాకు మిక్కిలి ఇష్టమైన మాట కౌలేయకం. కులశబ్దం నుండి పుట్టిన ఈ పదానికి శునకమనే అర్థాన్ని చెప్పడానికి పాణిని ప్రత్యేకంగా ఒక సూత్రమే చేశాడు. మంచి వంశంలో పుట్టిన కుక్క అని దానికి పెద్దలు చెప్పే అర్థం. అయితే సంస్కృతంలో కులమంటే వంశమే కాదు, ఇల్లు కూడా. కనుక వంశమూ, ఇల్లూ రెండూ కలిగిన ప్రాణి అని నేను అన్వయించుకుంటాను. వైయాకరణులు క్షమింతురు గాక!

బడిలో ముప్పయ్యేళ్ళకు పైగా తెలుగు చెప్పినవాడికి ఈ శునకపురాణం ఎందుకని మిత్రులకు సందేహం రావచ్చు. కారణం ఉంది. మా ఊళ్ళో ఎవరు కుక్కపిల్లను తెచ్చుకున్నా, "మాస్టారూ, దీనికొక మంచి పేరు చెప్పండి" అంటూ మా అరుగెక్కుతారు. వారిలో చాలామంది నా పూర్వవిద్యార్థులే. పేరు చెప్పడానికి ముందు నేను వారిని మూడు ప్రశ్నలు అడుగుతాను. దీన్ని ఎక్కడ పడుకోబెడతావు? టీకాలు ఎప్పుడు వేయిస్తావు? దీని తల్లిని చూశావా?

మొదటి ప్రశ్నకు సాధారణంగా వచ్చే సమాధానం, "డాబా మీద రేకుల షెడ్డు వేశాం మాస్టారూ" అని. మన ప్రాంతపు వైశాఖ మాసంలో రేకుల షెడ్డంటే మూకుడే. కుక్కకు మనలాగా ఒళ్ళంతా చెమట పట్టదు. అరికాళ్ళలో మాత్రమే కొద్దిగా పడుతుంది. నాలుక చాచి వగర్చడమే అది ఒంటి వేడిని తగ్గించుకునే ఉపాయం. దాని సహజమైన ఒంటి వేడి సుమారు 101 నుండి 102.5 డిగ్రీల ఫారెన్‌హీట్. అది 105 దాటిందంటే ప్రాణం మీదికి వచ్చినట్లే. అప్పుడు నీడకు చేర్చి, మామూలు చన్నీళ్ళతో ఒళ్ళు తడిపి, పంకా గాలి తగిలేలా చేసి, వెంటనే పశువైద్యుని వద్దకు తీసుకువెళ్ళాలి.

ఈ లెక్క తెలిస్తే పగ్ అవస్థ తేలికగా బోధపడుతుంది. 2003లో ఒక సెల్‌ఫోన్ సంస్థ ప్రకటనలో పిల్లవాడి వెంట నడిచినప్పటి నుండి అది మన దేశంలో ఇంటింటి ముద్దుబిడ్డ అయింది. అయితే మూతి నొక్కుకుపోయినట్లుండటం చేత దానికి శ్వాసమార్గం ఇరుకు. వగర్చడమే తరుణోపాయమైన జీవికి వగర్చే దారి చాలదు! సైబీరియా మంచుకు రెండు పొరల బొచ్చు తొడుక్కున్న హస్కీకి బెజవాడ ఎండ ఎలా ఉంటుందో వేరుగా చెప్పనక్కరలేదు.

ఇక ఇల్లంటే పెద్ద భవనమేమీ కాదు. వేపచెట్టు నీడ కానీ, పెంకుల వసారా కానీ చాలు. నేలకు జానెడు ఎత్తున చెక్కబల్ల, దాని మీద గోనెపట్టా. లేచి నిలబడటానికి, చుట్టూ తిరగటానికి, కాళ్ళు బారజాపి పడుకోవటానికి చోటు. వాన జల్లు కొట్టని గోడ, గాలి ఆడే సందు, ఒరగని బరువైన తొట్టిలో మంచినీళ్ళు. పగలంతా గొలుసుతో కట్టివేయకూడదు. ఎండ పొద్దున నడిపించదలచినవారు ముందు తమ అరచేతి వెనుక భాగాన్ని రోడ్డు మీద ఐదారు క్షణాలు ఆనించి చూడాలి. మన చేతికి ఓర్వరానిది దాని పాదాలకూ ఓర్వరానిదే.

రెండవ ప్రశ్న అడిగేటప్పుడు నా గొంతు కొంచెం కఠినంగా ఉంటుందని మా ఆవిడ అంటుంది. ఉండవచ్చు. 1987లో మా బడిలో ఏడవ తరగతి చదివే పిల్లవాణ్ణి వీధిలో ఒక కుక్కపిల్ల వేలి మీద కొరికింది. చిన్న గాటు. ఇంట్లోవాళ్ళు పసరు పూయించి, తాయెత్తు కట్టించారు. ఆ రోజుల్లో బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులంటే పెద్దవాళ్ళకే గుండెలు జారేవి. నెలన్నర తిరిగేసరికి పిల్లవాడు మంచినీళ్ళ గ్లాసు చూసి వణకడం మొదలుపెట్టాడు. నాలుగు రోజుల్లో అంతా అయిపోయింది. ఆ సంవత్సరమంతా హాజరుపట్టీ చదువుతూ ఆ పేరు ఉన్న వరుస దగ్గరికి వచ్చేసరికి తరగతి మొత్తం నిశ్శబ్దమయ్యేది. నేను ఆ వరుసను దాటి తరువాతి పేరు పిలిచేవాణ్ణి.

అందుచేత ఎవరికైనా సరే ఇది పదేపదే చెబుతాను. రేబిస్ క్రిమి కాటు నుండి నరాల వెంట మెల్లగా మెదడుకు ప్రయాణిస్తుంది. లక్షణాలు కనిపించిన తరువాత దాదాపుగా ఎవరూ బ్రతకరు. కనిపించక ముందు మాత్రం పూర్తిగా నివారించవచ్చు. గాయాన్ని సబ్బుతో, ధారగా పడే నీటితో పదిహేను నిమిషాలు కడగాలి. అదే రోజు ఆసుపత్రికి వెళ్ళి టీకా మొదలుపెట్టాలి. గాయం తీవ్రతను బట్టి వైద్యులు సీరం కూడా ఇస్తారు. పాశ్చర్ 1885లో తొలిసారి ఒక బాలునికి ఈ టీకా వేశాడు. బొడ్డు చుట్టూ పొడిచే పాతకాలపు మందును మన దేశం 2005 నాటికి విడిచిపెట్టింది. ఇప్పుడు జబ్బకు వేసే సూదులే. భయపడవలసింది సూదికి కాదు, పసరుకు.

కుక్కపిల్లకు ఆరు నుండి ఎనిమిది వారాల వయస్సులో తొలి టీకా వేయించాలి. డిస్టెంపర్, పార్వో వంటి జబ్బులకు అది రక్ష. తరువాత పదహారు వారాలు నిండేవరకు మూడు నాలుగు వారాలకొకసారి మళ్ళీ వేయించాలి. రేబిస్ టీకా మూడవ నెలలో. ఆపైన ఏటేటా వైద్యుడు చెప్పిన ప్రకారం. పార్వో 1978 ప్రాంతంలో బయటపడిన జబ్బు. రక్తవిరేచనాలతో రెండు మూడు రోజుల్లోనే పిల్లలను ఊడ్చుకుపోతుంది. ఆ క్రిమి నేలలో నెలల తరబడి బ్రతికి ఉంటుంది. కనుక ఒక పిల్ల పోయిన చోటికి వెంటనే మరొక పిల్లను తేరాదు. గచ్చును బ్లీచింగ్ నీళ్ళతో కడగాలి. తల్లి నుండే పిల్లలకు నులిపురుగులు సంక్రమిస్తాయి. అందుకే రెండవ వారం నుండే వాటికి మందు వేయడం మొదలుపెడతారు. పిడుదులను కేవలం దురద పెట్టే పురుగులుగా తీసిపారేయకూడదు. రక్తాన్ని విరిచే జ్వరాలను మోసుకువచ్చేవి అవే.

మరొక మాట. ప్రేమకొద్దీ పెట్టే ముద్దలోనూ విషం ఉండవచ్చు. ఉల్లిపాయ, వెల్లుల్లి వేసిన కూర, పాయసంలోని కిస్‌మిస్, చాక్లెట్ – ఇవి కుక్కకు పనికిరావు. మనకు జ్వరం వస్తే వేసుకునే పారాసెటమాల్ బిళ్ళను దానికి సొంతంగా వేయనే కూడదు.

మూడవ ప్రశ్న వంశానికి సంబంధించినది. పెళ్ళి సంబంధాలకు గోత్రాలు విచారించే మనవాళ్ళే కుక్కల విషయంలో అన్నాచెల్లెళ్ళను జతకట్టించి, "అచ్చమైన జాతి" అని అమ్ముతుంటారు. సగోత్రమైతే దోషాలూ రెట్టింపవుతాయి. లాబ్రడార్, జర్మన్ షెపర్డ్ జాతుల్లో తుంటి కీలు వదులై కుంటడం, తెల్లటి రాజపాళయం పిల్లల్లో కొన్నింటికి పుట్టుచెవుడు – ఇవి వంశపారంపర్యంగా వచ్చేవే. కనుక తల్లినీ, వీలైతే తండ్రినీ చూడకుండా పిల్లను తీసుకోకూడదు. ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదనీ, పెంపకందారులు ప్రభుత్వం వద్ద నమోదు చేసుకోవాలనీ 2017 నాటి కేంద్ర నిబంధనలు చెబుతున్నాయి. అరవై మూడు రోజులు మోసిన తల్లి దగ్గర మరో రెండు నెలలు ఉంచడం అంత కష్టమా?

మన దేశపు జాతుల మీద 2005లో తపాలాశాఖ బిళ్ళలు వేసింది. వాటిలో ముధోల్, రాజపాళయం ఉన్నాయి. మన జోనంగి లేదు. కొల్లేటి చుట్టుపక్కల ఊళ్ళలో బాతుల మందలను కాసిన కుక్క అది. నిగనిగలాడే పొట్టి వెంట్రుక, నుదుట ఆలోచనాపరుని ముడతలు. నేలను తవ్వి గుంటలో పడుకునే అలవాటు. పెద్దగా మొరగదు, ఒక తీరున కూత పెడుతుంది. భషకమనే పేరు దానికి చెల్లదు! పొలాలు చేపల చెరువులుగా మారాక దానికి పని పోయింది. చెరువు గట్టున చేపలకు మూతి పెడుతుందని దాన్ని తరిమినవారూ ఉన్నారు. పని పోయిన జాతికి పోషణ పోయింది. పోషణ పోయాక వీధికుక్కలతో కలిసి రూపు చెదిరిపోతున్నది.

మా ఇంట ఇప్పుడున్నది జోనంగి ఆడకుక్క. పేరు సరమ. నాలుగేళ్ళు నిండాయి. దీని సంతతి నిలవాలని నా కోరిక. దీనితోబుట్టువునే జత చేద్దామని ఒకరు, లాబ్రడార్ సంకరాన్ని తెస్తామని ఒకరు సలహా ఇచ్చారు. రెంటినీ వద్దన్నాను. మొదటిది వంశాన్ని లోపల నుండి తొలుస్తుంది, రెండవది బయట నుండి చెరుపుతుంది. కానీ ఆడకుక్కకు కానుపులు కనే వయస్సు ఎల్లకాలం ఉండదు. రెండు మూడేళ్ళలో సరైన తోడు దొరకకపోతే నా ఇంటి వరకు ఈ శాఖ ఇక్కడితో ఆగిపోతుంది. దొరకలేదని తొందరపడి ఏదో ఒకటి చేసే ఉద్దేశం మాత్రం నాకు లేదు.

కైకలూరు, ఆకివీడు ప్రాంతాల మిత్రులెవరైనా ఈ వ్రాత చదివితే ఒక చిన్న ఉపకారం చేయాలి. మీ ఊళ్ళో బాతులు కాసే కుటుంబాల వద్ద నుదుట ముడతలున్న మగకుక్క కనిపిస్తే దాని తల్లిదండ్రుల సంగతి విచారించి, నాకు తెలియజేయగలరు. నాలుగు పిల్లలు పుడితే నాలుగు ఇళ్ళు ముందే చూసి పెట్టాను. ఆ నలుగురినీ పై మూడు ప్రశ్నలూ అడిగాను. ముగ్గురు సరిగానే చెప్పారు. నాలుగవవాడు ప్రస్తుతం రేకులు విప్పి పెంకులు వేయిస్తున్నాడు.

స్వస్తి.