వరాలా తలావ్ నుంచి జగిత్యాలకు యూనిట్ల దారి

మహారాష్ట్రలో మరమగ్గాల పట్టణమైన భివండిలో, వరాలా తలావ్‌కు చేరువలో ఉన్న పద్మనగర్ ప్రాంతంలో, తెలంగాణ జిల్లాల నుంచి తరలివచ్చిన పద్మశాలి కుటుంబాలు తరాలుగా స్థిరపడి ఉన్నాయి. భివండిలో మొదలై కల్యాణ్, అహిల్యానగర్, పర్భణీ, నాందేడ్, నిర్మల్ మీదుగా జగిత్యాల చేరే 61వ నంబరు జాతీయ రహదారి వారికి సొంతూరి దారి. విద్యుత్ కారులో ఈ దారి పట్టినవారు దూరాన్ని కిలోమీటర్లతో పాటు యూనిట్లలోనూ లెక్కవేసుకోవలసి వస్తుంది. కిలోవాట్ సామర్థ్యం గల యంత్రం గంటసేపు వాడుకునే కరెంటు ఒక యూనిట్. మీటరు తిరిగితేనే మగ్గం ఆడే ఇళ్లలో, 2007లో పట్టణ విద్యుత్ పంపిణీ టొరెంట్ పవర్ చేతికి వెళ్లిన మార్పును చూసిన ఇళ్లలో, ఈ కొలత గురించి ఎవరూ ఎవరికీ చెప్పనక్కరలేదు.

ప్రయాణం ముందురోజు రాత్రి ప్లగ్గు దగ్గరే మొదలవుతుంది. 15 ఆంపియర్ల ప్లగ్గు గంటకు సుమారు 3 యూనిట్లు ఇస్తుంది కనుక, 30 యూనిట్ల బ్యాటరీ నిండడానికి తెల్లవారుతుంది. అయితే సొంత పార్కింగు లేని చాళ్లలో (వరుస గదుల ఇళ్ల సముదాయాల్లో) వైరు ఎక్కడి నుంచి లాగాలి, బిల్లు ఎవరి మీటరు మీద పడాలి అన్నదే పెద్ద చిక్కు. దాన్ని విప్పకుండా రాయితీలు ఎన్ని ప్రకటించినా అవి బంగళాలున్నవారికే అందుతాయి.

ముర్బాడ్ దాటాక దారి మాల్షేజ్ ఘాట్ మీదుగా సహ్యాద్రిని ఎక్కుతుంది. మనుషులతో, సామానుతో కలిపి 1,800 కిలోలు తూగే కారు సుమారు 600 మీటర్ల ఎత్తు ఎక్కడానికే దాదాపు 3 యూనిట్లు అదనంగా కావాలి. అదే కరెంటుతో చదును నేల మీద సుమారు 20 కిలోమీటర్లు పోవచ్చు. వానాకాలంలో మంచు కమ్మి, కొండచరియలు జారే ఈ మలుపుల్లో తెరమీది బ్యాటరీ అంకె చూస్తుండగానే పడిపోవడం కొత్తవారిని కంగారుపెడుతుంది గానీ, తిరుగు ప్రయాణంలో అదే వాలు కొంత బాకీ తీరుస్తుంది: యాక్సిలరేటర్ మీద కాలు తీయగానే మోటారు జనరేటరుగా మారి, చక్రాల వేగాన్ని కరెంటుగా బ్యాటరీకి పంపుతుంది. దీన్నే రీజెనరేటివ్ బ్రేకింగ్ అంటారు.

ఘాట్ పైన నాందేడ్ దాకా పీఠభూమి పరుచుకుని ఉంటుంది. ఖాళీ రోడ్డు వేగానికి పురిగొల్పుతుంది, వేగంతో పాటు గాలి నిరోధం పెరిగి యూనిట్లు త్వరగా కరిగిపోతాయి. ఫాస్ట్ చార్జర్ వద్ద కూడా 80 శాతం దాటాక బ్యాటరీ మెల్లగానే నిండుతుంది కాబట్టి, అక్కడితో ఆపి బయలుదేరడం అనుభవజ్ఞుల పద్ధతి.

భైంసాతో తెలంగాణ మొదలవుతుంది. ఇక్కడి ప్రభుత్వం 2024 నవంబరులో విద్యుత్ వాహనాలకు 2026 డిసెంబరు 31 వరకు రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్ రుసుము మినహాయించింది. ఠాణే జిల్లాలో రిజిస్టరై, ఎంహెచ్ 04 ఆకుపచ్చ నంబరు పలకతో వచ్చే కారుకు అది వర్తించదు. ఆ కారుకు ఇక్కడ కావలసింది ఊరి ఇంట్లో సరైన ఎర్తింగ్ ఉన్న ప్లగ్గు. ఎర్త్ లేదని గుర్తిస్తే చాలా చార్జర్లు కరెంటు తీసుకోవడానికే నిరాకరిస్తాయి కనుక, పండక్కి వచ్చేవారు ముందే ఫోను చేసి ఎలక్ట్రీషియన్‌ను పిలిపించి ఉంచమనడం మేలు.