ఐదు వీధుల దూరం

న్యూయార్క్ నగరంలో వీధులకు పేర్లు తక్కువ, అంకెలు ఎక్కువ. అడ్డంగా పోయేవి వీధులు, నిలువుగా పోయేవి అవెన్యూలు. వీటన్నిటినీ ఏటవాలుగా కోసుకుంటూ పోయే పెద్ద రహదారి బ్రాడ్వే. మా వంటి బ్యాంకు వాళ్ళకు ఇటువంటి ఊరు సుఖంగా ఉంటుంది. అంకె తెలిస్తే చాలు, ఎవరినీ దారి అడగక్కర్లేదు. 39వ వీధి నుంచి 44వ వీధికి మెల్లగా నడిచినా పది నిమిషాలు. 2024 జూన్‌లో మా అమ్మాయి దగ్గరికి న్యూజెర్సీ వెళ్ళినప్పుడు ఒక బుధవారం నాడు నేను ఆ ఐదు వీధులూ కాలినడకన చూసి వచ్చాను. ఎట్సియో పింజా అనే ఇటలీ గాయకుడికి ఆ దూరం దాటడానికి 22 ఏళ్ళు పట్టింది.

ఈ పింజా ఎవరో అంతకు వారం ముందు వరకు నాకూ తెలియదు. మా అల్లుడికి పాత గ్రామఫోను రికార్డులు పోగుచేసే సరదా. లైబ్రరీ వాళ్ళు పాత సామాను అమ్మేటప్పుడు రెండు డాలర్లకు కొన్నానంటూ ఒక రికార్డు పెట్టి వినిపించాడు. 'సౌత్ పసిఫిక్' అనే నాటకంలోని పాటలు. అందులో ఒక మగ గొంతు వచ్చింది. మంద్రస్థాయిలో, గుడిలో పెద్దగంట మోగి ఆగిన తరువాత మిగిలే నాదం లాగా ఉంది. ఇంగ్లీషు మాటలు మాత్రం ఇంగ్లీషువాడు పలికినట్టు లేవు. "ఈయన ఒపేరా మనిషి మామయ్య గారూ, 56 ఏళ్ళ వయసులో నాటకాల్లోకి వచ్చాడు" అన్నాడు అల్లుడు. నాకు కూడా 56 నడుస్తోంది. ఇంకా నాలుగేళ్ళ సర్వీసు ఉంది. తోటివాళ్ళు ఒక్కొక్కరే రిటైరై ఏం చేయాలో తోచక ఉదయం పూట పార్కులో తిరుగుతున్నారు. ఆ వయసు మాట చెవిన పడేసరికి నేను రికార్డు అట్ట తీసుకుని చదవడం మొదలుపెట్టాను.

ఒపేరా అంటే మనవాళ్ళలో చాలామందికి, గాజుగ్లాసు పగిలేలా అరవడం అని ఒక అభిప్రాయం. నిజానికి మన పద్యనాటకం చూసినవాడికి ఒపేరా అర్థం కాకపోవడానికి కారణం లేదు. కథ అంతా పాటలోనే నడుస్తుంది. గొంతే ప్రధానం, వేషం తరువాత. మైకు ఉండదు. యాభై అరవైమంది వాద్యకారులు వాయిస్తుంటే వాళ్ళ మీదుగా ఆఖరి వరుస దాకా గొంతు వినిపించాలి. బ్రాడ్వే నాటకం అలా కాదు. మాట్లాడుకుంటూ మాట్లాడుకుంటూ పాటలోకి వెళతారు, మళ్ళీ మాటల్లోకి వస్తారు. మహారాష్ట్రలో ఉన్న మనకు సంగీత నాటకం అంటే చాలు, ఇంకేమీ చెప్పనక్కర్లేదు. ఒపేరా వాళ్ళ దృష్టిలో బ్రాడ్వే ఒక మెట్టు కింద. బ్రాడ్వే వాళ్ళ దృష్టిలో ఒపేరా వాడు కదలని దుంగ.

రైలు దిగి సెవెంత్ అవెన్యూ వెంట పైకి నడిస్తే 39వ వీధి దాటగానే ఒక కంచు విగ్రహం కనిపిస్తుంది. రాజూ కాదు, సేనాపతీ కాదు. కుట్టుమిషను ముందు వంగి పనిచేసుకుంటున్న దర్జీ. ఈ పేట అంతా ఒకప్పుడు బట్టలు కుట్టే పేట. మగ్గం నమ్ముకుని షోలాపూరు చేరిన ఇంటివాణ్ణి కాబట్టి నేను అక్కడ కాసేపు నిలబడ్డాను. మా ఆవిడ ఫోటో తీసింది. విగ్రహం దగ్గరే, సెవెంత్ అవెన్యూకూ బ్రాడ్వేకూ నడుమ, నలభై అంతస్తుల ఆఫీసు భవనం ఒకటి ఉంది. మనం చూడవలసింది ఆ భవనాన్ని కాదు, అది నిలబడిన స్థలాన్ని. 1883 నుంచి 1966 దాకా మెట్రొపాలిటన్ ఒపేరా హౌస్ ఉన్నది అక్కడే. పసుపు ఇటుకల కట్టడం. లోపల బంగారు పూత, బయట మాత్రం గోదాములా ఉండేదట. తెర వెనుక చోటు లేక, నాటకాల సెట్టింగులను సెవెంత్ అవెన్యూ పేవ్‌మెంటు మీద పెట్టి టార్పాలిన్లు కప్పేవారు. ప్రపంచంలోని మేటి గాయకులు పాడే చోట రాజభవనాలు, దేవాలయాలు వానలో తడుస్తూ వీధిలో ఉండేవన్నమాట. 1967లో దాన్ని పడగొట్టేశారు.

పింజా ఆ వేదిక మీద మొదటిసారి పాడింది 1926 నవంబరు 1న. అప్పటికి ఆయన వయసు 34. 1892లో రోములో పుట్టాడు, రావెన్నాలో పెరిగాడు. తండ్రి వడ్రంగి. కుర్రతనంలో సైకిల్ పందేలలో పేరు తెచ్చుకోవాలని ఉండేది. తరువాత బొలోన్యాలో సంగీతం నేర్చుకున్నాడు, మొదటి ప్రపంచ యుద్ధంలో సైన్యంలో పనిచేశాడు, మిలాన్‌లోని లా స్కాలాలో టోస్కనీని దగ్గర పాడాడు. నన్ను ఆశ్చర్యపరచిన సంగతి ఏమిటంటే, ఇంత చేసినా ఆయనకు స్వరలిపి చదవడం రాదు. పియానో మీద వాయిస్తుంటే విని నేర్చుకునేవాడు. అలా చెవితోనే యాభై ఒపేరాలలో పాత్రలు పట్టాడు. మన స్టేజి మీద హార్మోనియం పక్కన కూర్చుని గురువు నోటివెంట పద్యాలు పట్టిన నటులు గుర్తుకు రావడం లేదూ?

మోజార్ట్ రాసిన 'డాన్ జొవాన్ని' ఆయనకు పెట్టింది పేరు. మెట్రొపాలిటన్‌లో 22 సీజన్లు ఉన్నాడు. మధ్యలో ఒక చీకటి రోజు వచ్చింది. 1942 మార్చిలో, అమెరికా ఇటలీతో యుద్ధంలో ఉండగా, శత్రుదేశ పౌరుడన్న పేరుతో పోలీసులు ఆయనను పట్టుకుపోయారు. అప్పటికి పదహారేళ్ళుగా ఆ ఊళ్ళో పాడుతున్న మనిషి. అమెరికా పౌరసత్వానికి దరఖాస్తు పెట్టుకుని ఉన్నాడు. మోపిన అభియోగాలలో ఒకటి వింటే నవ్వాలో ఏడవాలో తెలియదు. రేడియోలో ఒపేరా ప్రసారమవుతున్నప్పుడు పాట వేగం పెంచి, తగ్గించి ముసోలినీకి రహస్య సందేశాలు పంపుతున్నాడట! సుమారు పన్నెండు వారాలు ఎల్లిస్ ద్వీపంలో ఉంచి వదిలిపెట్టారు. మనవాళ్ళు అమెరికా వెళితే స్వేచ్ఛాదేవి విగ్రహం చూసి, అదే పడవలో ఎల్లిస్ ద్వీపం దిగి వస్తారు కదా, ఆ ద్వీపమే. మేమూ దిగాము. లక్షలమంది వలసదారులు వరుసలో నిలబడిన ఆ పెద్ద హాలులో మా అమ్మాయి తన వీసా సంగతులు చెబుతోంది. నా మనసు మాత్రం ఆ మనిషి మీదే ఉంది. పరాయి ఊళ్ళో ఎన్నేళ్ళున్నా, ఎంత పేరున్నా, ఒకరోజు ఎవరో వచ్చి "నువ్వు ఎవరివి?" అని అడగవచ్చు. మూడు తరాలుగా షోలాపూరులో ఉన్నా "మీది ఏ ఊరు?" అన్న ప్రశ్నకు ఇప్పటికీ జవాబు చెప్పుకునే మనకు ఇది కొత్త విషయం కాదు.

విడుదలయ్యాక మళ్ళీ అదే వేదిక ఎక్కి పాడాడు. 1948లో మెట్రొపాలిటన్‌కు నమస్కారం పెట్టి బయటికి వచ్చాడు.

అక్కడి నుంచి బ్రాడ్వే వెంట పైకి నడిస్తే 42వ వీధి దగ్గర టైమ్స్ స్క్వేర్ మొదలవుతుంది. దాని గురించి రాయడానికి నాకు ఓపిక లేదు. దీపాలు, జనం, గాలిపటమంత టోపీలు పెట్టుకుని ఫోటోకు డబ్బులడిగే వేషగాళ్ళు. మా ఆవిడకు తలనొప్పి వచ్చింది. 44వ వీధిలో ఎడమకు తిరిగితే కొంచెం నెమ్మది. ఒకవైపు సార్డీస్ అనే పాత హోటలు, గోడల నిండా నటుల వ్యంగ్యచిత్రాలకు ప్రసిద్ధి. దానికి ఎదురు వరుసలో నాలుగడుగులు వేస్తే మెజెస్టిక్ థియేటర్. 1927లో కట్టారు. సుమారు 1,600 మంది పడతారు. మేము వెళ్ళినప్పుడు తలుపులు మూసి ఉన్నాయి. 1988 జనవరి నుంచి 2023 ఏప్రిల్ దాకా ఇక్కడ ఒకే నాటకం, 'ఫాంటమ్ ఆఫ్ ది ఒపేరా', 13,981 ఆటలు ఆడింది. ఆ తరువాత థియేటరును మరమ్మతులకు మూశారు. 2024 డిసెంబరులో 'జిప్సీ'తో తెరిచారు, అది 2025 ఆగస్టులో ముగిసింది. ఆ రోజు మాత్రం మాకు దక్కింది గోడా, బోర్డూ.

1949 ఏప్రిల్ 7న ఈ తలుపులు తెరుచుకున్నాయి. సంగీతం రిచర్డ్ రాడ్జర్స్, పాటలు ఆస్కార్ హామర్‌స్టీన్, కథకు మూలం జేమ్స్ మిచెనర్ పుస్తకం. యుద్ధకాలంలో పసిఫిక్ ద్వీపంలో తోట పెట్టుకుని బతుకుతున్న నడివయసు ఫ్రెంచి దొర ఎమీల్ పాత్ర పింజాది. అమెరికా నర్సు పాత్రలో మేరీ మార్టిన్. ఆమె అప్పటికే బ్రాడ్వేలో పేరున్న నటి. అంత పెద్ద ఒపేరా గొంతు పక్కన తన గొంతు నిలబడదని ఆమె భయపడింది. రాడ్జర్స్ ఒక ఉపాయం చేశాడు. ఇద్దరూ గొంతు కలిపి పాడే అవసరం లేకుండా, ఒకరి తరువాత ఒకరు ఎవరి మనసులో మాట వారు పాడుకునేట్టు కట్టాడు. ఒకే గదిలో ఎదురెదురుగా ఉండి ఎవరికి వారే పాడుకుంటారు. రికార్డులో అది వినండి. కలిసి పాడకపోవడంలోనే వాళ్ళిద్దరి బిడియం వినిపిస్తుంది. ఇబ్బంది నుంచి పుట్టిన అందం అది.

ఆ పాత్రకు పింజా ఒంటరిగా పాడే పెద్ద పాటలు రెండే. 'సమ్ ఎన్‌చాంటెడ్ ఈవెనింగ్' అనేది దేశమంతా పాడుకున్నారు. మిగిలినదంతా మాటలు. ఒపేరాలో మాటలతో పనిలేని మనిషి, తనది కాని భాషలో, రోజూ మాట్లాడి మెప్పించాలి. యాస పోలేదు, పోగొట్టుకోవలసిన పనీ లేకపోయింది. ఫ్రెంచి దొరకు యాస ఉండటం సహజమే కదా. ఏ పరాయితనం వల్ల ద్వీపంలో బందీగా ఉన్నాడో ఆ పరాయితనమే ఏడేళ్ళ తరువాత ఆయనకు వేషమైంది.

ఇక్కడ నా లెక్కల బుద్ధి కొంచెం పనిచేసింది. మెట్రొపాలిటన్‌లో 22 సీజన్లలో ఆయన పాడినవి 750కి పైగా ఆటలు. అంటే ఏడాదికి సగటున 34. బ్రాడ్వేలో వారానికి 8 ఆటలు. 1949 ఏప్రిల్ నుంచి 1950 మే దాకా, దాదాపు 60 వారాలు ఆయన ఈ నాటకంలో ఉన్నాడు. ఒక్కటీ మానకపోయి ఉంటే 480. ఇరవై రెండేళ్ళ పనిలో సగానికి మించి పద్నాలుగు నెలల్లో! అదీ 57 ఏళ్ళ వయసులో. ఇది తేలిక పని అని, దిగజారిన పని అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

అన్నవాళ్ళు ఉన్నారు, అంటారు. మా ఊళ్ళో పద్యం పాడే పెద్దాయన ఒకరు ఉండేవారు. కృష్ణుడి వేషం కడితే రాగం తీసే తీరుకు పక్క పేటల నుంచి జనం వచ్చేవారు. అరవై దగ్గర పడ్డాక పద్యనాటకాలు తగ్గిపోయి, ఒక కుర్రాళ్ళ బృందంతో కలిసి పెళ్ళిళ్ళలో సినిమా పాటలు పాడటం మొదలుపెట్టారు. నెలరోజులు అరుగుల మీద ఇదే మాట. నేను అప్పుడు బి.కాం. చదువుతున్నాను. ఆయన నాతో అన్నది ఒకటే: "బాబూ, గొంతు నాది. పందిరి మారింది." శాస్త్రీయ సంగీతంలో అంత విద్వాంసుడైన వసంతరావు దేశ్‌పాండే 1967లో 'కట్యార్ కాళజాత్ ఘుసలీ' నాటకంలో ఖాన్‌సాహెబ్‌గా నిలబడితే మరాఠీ వాళ్ళు నెత్తిన పెట్టుకున్నారు. ఆ మర్యాద మా పెద్దాయనకు మన వీధిలో దక్కలేదన్న బాధ నాకు ఇప్పటికీ ఉంది.

పింజాకు మర్యాద దక్కింది. 1950లో ఉత్తమ నటుడిగా టోనీ అవార్డు ఇచ్చారు. నాటకం మొత్తం 1,925 ఆటలు ఆడింది. హాలీవుడ్ పిలిచింది, రెండు మూడు సినిమాలు చేశాడు, అవి అంతగా నడవలేదు. 1954లో మళ్ళీ ఇదే మెజెస్టిక్ థియేటరుకు వచ్చి 'ఫానీ' అనే నాటకంలో ముసలి తండ్రిగా నటించాడు. ఆరోగ్యం సహకరించలేదు. 65వ పుట్టినరోజు ఇంకా తొమ్మిది రోజులుందనగా 1957 మే 9న పోయాడు. మరుసటి ఏడు 'సౌత్ పసిఫిక్' సినిమాగా వచ్చింది. ఎమీల్ పాత్ర వేసినది రోస్సానో బ్రాట్సీ, పాడినది జార్జియో టోట్సి. ఈ టోట్సి కూడా మెట్రొపాలిటన్ గాయకుడే. మన భాషలో చెప్పాలంటే ప్లేబాక్.

కొత్త మెట్రొపాలిటన్ ఇప్పుడు లింకన్ సెంటర్‌లో ఉంది, 1966 నుంచి. ఎర్ర లైను సబ్‌వే ఎక్కి 66వ వీధి స్టేషనులో దిగాలి. ఎత్తయిన ఐదు తోరణాలు, ముందు ఫౌంటెను. దాని పక్కనే, ఒకే ఆవరణలో, వివియన్ బ్యోమాంట్ అనే నాటకశాల ఉంది. 2008లో 'సౌత్ పసిఫిక్' ను మళ్ళీ అక్కడ ఎత్తుకున్నప్పుడు ఎమీల్ పాత్రకు బ్రెజిల్ ఒపేరా గాయకుడు పావులో జోట్‌ను తీసుకున్నారు. ఆయనకూ టోనీ వచ్చింది. తరువాత 2010లో ఆయన మెట్రొపాలిటన్‌లో మొదటిసారి పాడాడు. పింజా వెళ్ళిన దారిలో ఆయన ఎదురు నడిచాడన్నమాట. ఈసారి మధ్యలో ఐదు వీధులు కూడా లేవు, ఒక ముంగిలి మాత్రమే.

పిల్లల దగ్గరికి వెళ్ళే మన పాఠకులకు ఒక సూచన. సాయంత్రం ఆటలకు రాత్రి రైళ్ళ బెంగ ఉంటుంది. చాలా నాటకాలకు బుధవారం మధ్యాహ్నం ఆట ఉంటుంది, మా ఈడు వాళ్ళకు అదే అనుకూలం. 47వ వీధి దగ్గర ఎర్ర మెట్ల కింద ఉన్న కౌంటరులో ఆ రోజు మిగిలిన టిక్కెట్లు తగ్గింపు ధరకు అమ్ముతారు. పొద్దున్నే వెళ్ళి వరుసలో నిలబడండి, కాళ్ళకు మెత్తటి బూట్లు వేసుకోండి.