కూపు రోడ్డు

"చలికాలంలో అడవికెళ్ళి గుడ్డ డేరాలో పడుకోవడానికేనా నువ్వు పీహెచ్‌డీ చేసింది?" అంది అమ్మ, నేను బ్యాగు సర్దుకుంటుంటే. నవ్వేసి ఊరుకున్నాను గానీ, నర్సీపట్నం బస్సెక్కాక దారంతా ఆ మాటే బుర్రలో తిరిగింది. నిజానికి అమ్మ తిరగేసి అడగాల్సిన ప్రశ్న అది. అడవిలో పడుకోనివ్వకపోబట్టే నేను ఆ పీహెచ్‌డీ చేశాను.

ఎం.ఏ. అయ్యాక నేను చెయ్యాలనుకున్న పని వేరు. విశాఖ మన్యంలో ఆడవాళ్ళు పాడుకునే పాటలు సేకరించాలని ఉండేది. ఆ పాటలు పగలు దొరకవు. పగలంతా వాళ్ళు పొలంలోనో, అడవిలోనో, సంతలోనో ఉంటారు. పొద్దుగూకి, వంటలయ్యి, పిల్లలు పడుకున్నాక మంట చుట్టూ చేరితే అప్పుడు నోట్లోంచి పాట వస్తుంది. అంటే రాత్రిళ్ళు అక్కడ ఉండాలి. మా గైడుగారు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టి, "ఆడపిల్లల్ని రాత్రిపూట ఊళ్ళల్లో ఉంచే బాధ్యత నేను తీసుకోలేనమ్మా" అన్నారు. ఆయన చెడ్డవారు కాదు. ఆ ఏడాదే ఆయన దగ్గర చేరిన అబ్బాయి మాత్రం తోలుబొమ్మలాట వాళ్ళ వెంట ఊళ్ళమ్మట నెలల తరబడి తిరిగాడు. ఆ బాధ్యత ఎవరు తీసుకున్నారో ఎవరూ అడగలేదు. నాకు "లైబ్రరీలో తేలిపోయే" విషయం ఒకటి ఇచ్చారు. తెలుగు యాత్రా సాహిత్యం!

కదలనివ్వని మనిషికి యాత్రల మీద పరిశోధన. ఆ వ్యంగ్యం అప్పుడు నాకు తట్టలేదు. ఏళ్ళ తరబడి ఫ్యాను కింద కూర్చుని ఇతరుల ప్రయాణాలకు ఫుట్‌నోట్లు రాశాను. ఏనుగుల వీరాస్వామయ్య 1830లో మద్రాసు నుంచి కాశీకి బయలుదేరిన యాత్రలో పల్లకీ మోసిన బోయీల కాళ్ళ గురించి ఒక అధ్యాయం రాశాను. ఇంగ్లండు వెళ్ళొచ్చి 1876లో పుస్తకం అచ్చువేయించిన పోతం జానకమ్మ గురించీ, 'కాశ్మీర దీపకళిక' రాసిన నాయని కృష్ణకుమారి గురించీ రాశాను. డాక్టరేట్ వచ్చింది. ఆ పల్లకీ వెళ్ళిన దారిలో ఒక్క మైలైనా నడిచానా అంటే, లేదు.

అందుకని ముప్ఫై ఆరో ఏట, కిందటి డిసెంబరు ఆఖరు వారంలో, మేం నలుగురం బయలుదేరాం. ఒక బ్యాంకు ఉద్యోగి, ఒక నర్సు, ఒక టీచరు, నేను. "మగవాళ్ళెవరూ లేకుండానా?" అని మమ్మల్ని అడగని మనిషి లేదు, కండక్టరుతో సహా.

డౌనూరు దాటాక ఘాట్ మొదలవుతుంది. పైన లంబసింగి, సముద్రమట్టానికి దాదాపు వెయ్యి మీటర్ల ఎత్తున. దానికి కొర్రబయలు అని ఇంకో పేరు. బయట పడుకున్నవాడు తెల్లారేసరికి కొర్రులా బిగుసుకుపోతాడట, అదీ ఆ పేరుకు వాళ్ళు చెప్పే అర్థం. ఇప్పుడు శీతాకాలం వచ్చిందంటే అక్కడ కార్ల బారులు, అద్దె గుడారాలు, మైకులు, మంచుతో సెల్ఫీలు. మేం అక్కడ ఆగలేదు. చింతపల్లి దాటి, స్నేహితురాలికి తెలిసిన ఒక చిన్న ఊరికి వెళ్ళాం. ఊరిపేరు రాయడం లేదు. రాస్తే అక్కడికీ మైకులొస్తాయి.

రిజర్వు ఫారెస్టులో అనుమతి లేకుండా డేరా వెయ్యకూడదు. అందుకని పగలు అడవి దారుల్లో నడిచి, రాత్రి ఊరి పొలాల్లో పడుకుందామని అనుకున్నాం. ఊళ్ళో మొదట ఎదురైన మామ్మ మా నలుగురి వెనక్కి తొంగి చూసి, "ఏటమ్మా, ఆడోలే వచ్చీసినారా? మొగోలు ఎనకాల వస్తన్నారా?" అంది. ఎవరూ రావడం లేదన్నాం. కాసేపు చూసి, "మంచిదే, వంట తగ్గింది" అంది. అప్పటిదాకా మాకు దొరికిన మొదటి మద్దతు అదే!

డేరా ఎక్కడ వేసుకోమంటావు మామ్మా అంటే, పైన కళ్ళం చూపించింది. మాకేమో కింద గెడ్డ ఒడ్డున పచ్చగడ్డి నచ్చింది. నీళ్ళు పక్కనే, గాలి లేదు, చూడ్డానికి బాగుంది. "అక్కడ సలి కూకుంటాది" అంది మామ్మ. నలుగురం చదువుకున్నవాళ్ళం కదా, వినలేదు. ఆ రాత్రి తెలిసింది కూర్చోవడమంటే ఏమిటో. మబ్బు లేని రాత్రి నేల తన వేడిని ఆకాశానికి వదిలేస్తుంది. చల్లబడిన గాలి బరువెక్కి, నీళ్ళలాగే పల్లానికి జారి, గెడ్డ వెంట మడుగు కడుతుంది. మేం సరిగ్గా ఆ మడుగు అడుగున పడుకున్నాం. పైన రెండేసి రగ్గులు కప్పుకున్నా, చలి కిందనుంచి వచ్చింది. పైగా వెచ్చగా ఉంటుందని డేరా జిప్పులన్నీ బిగించేశాం. మా ఊపిరే లోపలి గుడ్డకు నీటిబొట్లై అంటుకుని, తెల్లవారుజామున మా మొహాల మీద కురిసింది. టీచరు కుంపటి తెచ్చి లోపల పెట్టుకుందామంటే నర్సు గట్టిగా తిట్టింది. మూసిన డేరాలో బొగ్గుల పొగ, వాసన కూడా తెలియకుండా నిద్రలోనే ప్రాణం తీసేస్తుందని. ఇంకో సంగతి కూడా చెప్పాలి, మగవాళ్ళు రాసిన యాత్రాగ్రంథాల్లో అది ఉండదు గనక. బయటికి వెళ్ళాల్సి వస్తుందని సాయంత్రం నుంచి మేం నలుగురం నీళ్ళు తాగడం మానేశాం. ఎవరూ చెప్పలేదు. ఎవరికి వారే మానేశాం. బస్సుల్లో, ఆఫీసుల్లో, పెళ్ళిళ్ళలో చిన్నప్పట్నుంచీ ఒంటికి పట్టిన అలవాటు.

మర్నాడు పొద్దున్నే డేరా కళ్ళంలోకి మార్చి, కూపు రోడ్డు పట్టుకున్నాం.

అడవిని భాగాలుగా చేసి ఏడాదికొకటి చొప్పున నరికేవాళ్ళు. ఆ భాగాన్ని కూపు అంటారు. కలప దింపడానికి వేసినవి కూపు రోడ్లు. నరకడం ఆగిపోయాక వాటిని గడ్డి కమ్మేసింది. అయినా గుర్తుపట్టొచ్చు. కొండను ఒకవైపు చెక్కినట్టుంటుంది, లోపలివైపు కాలువ ఉంటుంది, వాగు వచ్చినచోట రాళ్ళు పేర్చిన తూము ఉంటుంది. ముఖ్యంగా ఎక్కడా నిటారుగా ఎక్కదు. బరువుతో దిగే లారీ కోసం వేసింది కదా, కొండ చుట్టూ తిరిగి తిరిగి వెళుతుంది. పొగమంచు తేలేదాకా పది అడుగుల ముందు ఏముందో కనిపించలేదు. అడ్డాకుల తీగల మీంచి బొట్లు రాలుతున్న చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. ఎవరి కోసమూ కాకుండా, ఏ పనీ లేకుండా, వేగంగా కాకుండా నడవడం ఎంత బాగుంటుందో నాకు అప్పటిదాకా తెలియదు. ఆ రెండు గంటలూ నా జీవితంలో ఎవరికీ లెక్క చెప్పనక్కర్లేనివి.

తర్వాత గమనించాను. అంతసేపు నడిచినా రోడ్డు మీద ఒక్క మనిషీ ఎదురుపడలేదు. మనుషులు మమ్మల్ని దాటారు, కానీ అడ్డంగా. కింద పొదల్లోంచి తలమీద మోపుతో ఒక ఆడమనిషి వస్తుంది, రోడ్డును రెండడుగుల్లో దాటుతుంది, పై పొదల్లోకి నిటారుగా ఎక్కిపోతుంది. ఆ వెనకే ఇంకొకామె. కూపు రోడ్డు వాళ్ళ దారి కాదు. అది కలప ఉన్న చోటికి వెళుతుంది గాని ఊళ్ళకి వెళ్ళదు. వాళ్ళ కాలిబాట దానికన్నా పాతది, నిటారైనది, మూడోవంతు పొడవు. మేం అన్వేషణ అనుకుంటూ నడుస్తున్నది అటవీశాఖ వదిలేసిన దారిలో. అసలు దారి మా కాళ్ళ కింద అడ్డంగా పోతుంటే మాకు కనపడలేదు.

మామ్మ కోడలికి నొప్పులు వచ్చినప్పుడు డోలీ కట్టి దింపింది కూడా ఆ నిటారు బాటనేనట. కూపు రోడ్డు తూము కూలిపోయింది, అంబులెన్సు రాదు. బిడ్డ దక్కింది. "ఈ మారు నెల ముందే రోడ్డు కాడ సుట్టాలింటికి దించీసినాం" అని మామ్మ మామూలుగా చెప్పింది. వీరాస్వామయ్య పల్లకీ మీద నేను రాసిన అధ్యాయంలో వాహనం, అధికారం, శరీరం లాంటి మాటలు చాలా ఉన్నాయి. నొప్పులు పడుతున్న ఆడదాన్ని గుడ్డలో వేసి కర్రకు కట్టి నలుగురు మోసుకుపోతుంటే ఆమె పట్టుకోవడానికి ఏముంటుందన్న ప్రశ్న లేదు.

మన్యంలో రోడ్ల కథంతా ఇలాంటిదే. నర్సీపట్నం నుంచి లంబసింగికి మేం బస్సులో సుఖంగా ఎక్కిన ఘాట్ రోడ్డును గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ వేయించాడు. కొండవాళ్ళ చేత చాకిరీ చేయించుకుని కూలి సరిగా ఇవ్వలేదు. 1882 మద్రాసు అటవీ చట్టం పోడు మీద పెట్టిన ఆంక్షలకు ఈ కూలి మంట తోడైంది. 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు దళం చింతపల్లి పోలీసు స్టేషను మీద పడే నాటికి జనంలో రాజుకున్న కోపంలో ఆ రోడ్డు కూడా ఉంది. ఇప్పుడు జిల్లాకు ఆయన పేరే, 2022 నుంచి.

రెండో రాత్రి కళ్ళంలో జానెడు మందాన వరిగడ్డి పరిచి, దానిమీద టార్పాలిన్ వేసి, జిప్పు కొంచెం తెరిచిపెట్టి పడుకున్నాం. వేడినీళ్ళు పోసిన స్టీలు సీసాలను మేజోళ్ళలో దూర్చి కాళ్ళ దగ్గర పెట్టుకున్నాం. నీళ్ళు కూడా కడుపునిండా తాగాం. నర్సీపట్నంలో ఇంటర్ చదువుతూ సెలవులకొచ్చిన మామ్మ మనవరాలు "నేను కూడా మీ దాంట్లో తొంగుంతాను" అంటూ వచ్చి మధ్యలో దూరింది. ఒళ్ళు వెచ్చబడింది. నిద్రపట్టింది.

ఎన్నింటికో తెలియదు, డేరా గుడ్డ మీద వెలుతురు పడింది. టార్చిలైట్లు, రెండు. మగగొంతులు. వెలుతురు ఆగి, దగ్గరికొచ్చింది. మేం నలుగురం లేచి కూర్చోలేదు, పలకలేదు, ఊపిరి తియ్యలేదు. డిగ్రీలున్న నాలుగు శరీరాలు కట్టెల్లా బిగుసుకుపోయాయి. కొర్రబయలంటే చలి ఒక్కటే కాదనిపించింది. పిల్ల మాత్రం పడుకునే అరిచింది, "ఎవుల్రా అదీ?" అని. బయటినుంచి పేరు వినబడింది. ఎద్దు తప్పిపోయిందట. "ఇటు రాలేదు, పో" అని అటు తిరిగి పడుకుంది.

ఆ ఊరు ఆ పిల్లది, ఆ గొంతులు ఆమెకు తెలుసు, ధైర్యానికి అదొక కారణం అనుకున్నాను. కానీ ఆ లెక్క నిలవలేదు. వాకపల్లి మేం పడుకున్న చోటికి పక్క మండలంలోనే ఉంది. 2007 ఆగస్టు 20 తెల్లవారుజామున గాలింపుకొచ్చిన పోలీసులు తమమీద సామూహిక అత్యాచారం చేశారని అక్కడి 11 మంది కోదు స్త్రీలు చెప్పారు. వాళ్ళూ తమ ఊళ్ళోనే ఉన్నారు. పదిహేనేళ్ళకు పైగా కోర్టుల చుట్టూ తిరిగారు. 2023 ఏప్రిల్‌లో విశాఖలోని ప్రత్యేక కోర్టు నిందితులందరినీ విడిచిపెట్టింది, దర్యాప్తులో లోపాలను ఎత్తిచూపి ఆ స్త్రీలకు నష్టపరిహారం మాత్రం ఇవ్వమంది. నన్ను రాత్రిపూట ఊళ్ళో ఉంచడానికి భయపడ్డ గైడుగారు ఆ ఊళ్ళో ఎప్పుడూ ఉండే ఆడవాళ్ళ రాత్రుల గురించి ఆలోచించలేదు. నేనూ ఆలోచించలేదు, పాటల గురించే ఆలోచించాను. మిగిలిన రాత్రంతా ఆ పిల్ల శ్వాస వింటూ మెలకువగానే ఉన్నాను.

పాటలా? అడిగాను, పొద్దున్న అంబలి తాగుతూ. మామ్మ నవ్వింది. "ఇప్పుడు పాటలేటి, పనుంది. ముందు నువ్వోటి పాడు, వింతాను." నాకు ఒక్కటీ పూర్తిగా రాలేదు.

డేరా మడుస్తుంటే వచ్చి, మంచుకు తడిసిన ఆ మూటను ఒంటిచేత్తో ఎత్తి చూసింది. "తడి మీద కట్టీకండి, మోయలేరు. ఆరబెట్టుకుని ఎల్లండి" అంటూ తనే విప్పి, కళ్ళంలో చాపలాగా పరిచి, నాలుగు మూలలా రాళ్ళు పెట్టింది. పొగమంచు తేలేసరికి పదయింది. అప్పటిదాకా అక్కడే కూర్చుని, మనవరాలితో కలిసి రాజ్‌మా కాయలు ఒలిచాం.