ఏడాది సరుకుకు అరలు

భద్రాచలంలో వంటింటికి కప్‌బోర్డులు చేయించే మాట మొదలైతే, కింది అరల దగ్గరకు వచ్చేసరికి అది గోదావరి మీదకు మళ్లుతుంది. 43, 48, 53 అంటే ఇక్కడ బడిపిల్లలకూ తెలుసు, మూడు ప్రమాద హెచ్చరికల అడుగులవి. 1986 ఆగస్టులో నీళ్లు 75.6 అడుగులకు లేచాయి. 2022 జూలైలో 71.3. కరకట్ట ఉంది, నిజమే. అయినా పల్లపు వీధుల్లో ఉన్నవాళ్లు వానాకాలం వస్తే సామాను ఎటు ఎత్తిపెట్టాలో ముందే ఒక లెక్క వేసుకుంటారు. అలాంటి ఊళ్లో కూర్చుని "మొత్తం ప్లైవుడ్డే సార్, లైఫ్‌టైం గ్యారంటీ" అంటుంటే, ఎవరి లైఫ్‌టైమో అడగాలనిపించింది.

అన్నది మాడ్యులర్ కిచెన్ కొలతలకు వచ్చిన కుర్రాడు. మర్యాదస్తుడు, పని తెలిసినవాడే. చేతిలో లేజర్ టేపు, ట్యాబులో త్రీడీ బొమ్మ. ఆ బొమ్మలో గట్టు మీద గాజు గిన్నె, అందులో మూడు యాపిల్ పండ్లు. అంతకుమించి తినే వస్తువు ఆ వంటింట్లో కనిపించలేదు.

"బియ్యం ఎక్కడ పోయాలి బాబూ?" అంది మా ఆవిడ.

"పుల్ అవుట్ వస్తుందండి ఆంటీ. పది కిలోలు పడతాయి."

"మేం బస్తాలు దింపించుకుంటాం కదా నాయనా!"

పేచీ అంతా ఇక్కడే ఉంది. కేటలాగుల్లో కనిపించే వంటిళ్లు వారానికోసారి సంచి పట్టుకుని బజారుకెళ్లే ఇళ్లను చూసి గీసినవి. మాది వేసవిలో ఏడాదికి సరిపడా సరుకు దింపుకునే ఇల్లు. ఖమ్మం యార్డులో తేజ మిర్చి దిగాక కారం పట్టిస్తాం. ఏజెన్సీ చింతపండు వస్తుంది. గిరిజన సహకార సంస్థ 1956 నుంచీ అడవి సరుకు కొంటున్నా, సంతలో తెలిసిన కోయ ఆవిడ దగ్గర తట్టకు బేరమాడి తెచ్చుకోవడం మా అమ్మ మానలేదు. గింజ తీసి, ఉప్పు చల్లి, ముద్దలు చేసి కుండకెత్తుతుంది. ఆపైన పసుపు, కందిపప్పు. మామిడికాయ దిగితే ఆవకాయ. వీటిలో ఒక్కటీ డ్రాయరులో పడుకునే రకం కాదు. జాడీ నిలబడాలి. మూతకు వాసెన కట్టడానికి పైన చెయ్యి ఆడాలి. ఉప్పు కలిసిన చింతపండు జూలై ముసురుకు చెమ్మ పట్టిందంటే పక్కనున్న స్టీలు బుట్టలకీ, ఛానళ్లకీ తుప్పు తప్పదు. సాఫ్ట్ క్లోజ్ అని మురిసిపోయిన డ్రాయరు రెండో వర్షాకాలానికి మొరాయిస్తుంది.

కప్‌బోర్డుల వంటింటికి మూలపుటమ్మ ఒకావిడ ఉంది. మార్గరేటే ష్యూటె-లిహోట్స్కీ అని ఆస్ట్రియా ఆర్కిటెక్టు. 1926లో ఫ్రాంక్‌ఫర్ట్ నగరం కట్టించిన ఇళ్ల కోసం చిన్న వంటగది గీసింది. సుమారు 1.9 మీటర్ల వెడల్పు, 3.4 మీటర్ల పొడవు. ఆడవాళ్ల అడుగులు తగ్గాలని లెక్కలు కట్టి గీసిన గది. అలాంటివి పదివేల దాకా కట్టారు. ఆ బొమ్మ గీసేనాటికి తను వంట చేసి ఎరగనని ఆవిడే తర్వాత ఒప్పుకుంది. అయినా ఆవిడ బుర్రను మెచ్చుకోకుండా ఉండలేను. పిండి, పప్పులకు విడివిడిగా అల్యూమినియం సొరుగులు పెట్టి, పిండి సొరుగు మాత్రం ఓక్ చెక్కతో చేయించింది. ఓక్‌లోని వగరుకు పురుగు దూరంగా ఉంటుందట. మనవాళ్లు కందిపప్పులో వేపాకు వేసే ఆలోచన లాంటిదే ఇదీను. సరుకేమిటో తెలిశాకే అర ఏమిటో తేల్చింది. ఆవిడ వారసులమని చెప్పుకునే కంపెనీలకు ఆ వరస తలకిందులైంది. అర ముందు, సరుకు తర్వాత.

ఇక చెక్క సంగతి. చుట్టూ టేకు అడవి, కప్‌బోర్డు మాత్రం ఎక్కడినుంచో వచ్చిన ఎనిమిది బై నాలుగు షీటు! సొంత పొలం గట్టున పెంచిన టేకు కొట్టాలన్నా అటవీ శాఖ అనుమతి కావాలి. ఉండాల్సిన నిబంధనే, నాకేం పేచీ లేదు. పాల్వంచ దారిలో వరసలుగా కనిపించే జామాయిల్ ఏమో కాగితం మిల్లుల దారి పడుతుంది. ఏటికి అవతల సారపాక మిల్లు 1979 నుంచీ అట్ట తీస్తోంది. కుర్రాడు మా ముందు పరిచిన కేటలాగు అట్ట అక్కడిదే అయినా ఆశ్చర్యం లేదు.

ప్లైవుడ్‌లో ఐఎస్ 303, ఐఎస్ 710 అని రెండు నంబర్లు వినబడతాయి. రెండోదాన్ని 72 గంటలు నీళ్లలో ఉడికించి పరీక్షిస్తారు, పొరలు విడిపోకూడదు. సింకు పక్కన పెట్టాల్సింది అదే. కానీ షీటు ఎంత గట్టిదైనా ఇంటికొచ్చాక రంపం పడుతుంది. పైపు కోసం చేసిన కన్నం, కోసిన అంచు, వీటికి మూత వేయకపోతే చెమ్మ, చెదలు అక్కడినుంచే మొదలవుతాయి. ఏ నంబరు అని అడిగేవాళ్లున్నారు గానీ, అంచులు ఎవరు మూస్తారని అడిగేవాళ్లు తక్కువ.

మా వడ్రంగి మేస్త్రి ఎటపాక నుంచి సైకిల్ మీద వస్తాడు. 2014 నుంచి అది వేరే రాష్ట్రం, సైకిలుకు ఆ సంగతి పట్టినట్టు లేదు. బొమ్మంతా చూసి ఆయన ఒకటే అన్నాడు: "కింద కడప బండలు నిలబెట్టండి సార్, చెక్క తలుపులకే వాడుకుందాం." కడప బండ మన పాత వంటిళ్లకు కొత్తకాదు. చెద తినదు, నీళ్లలో నానినా ఉబ్బదు. జాడీల బరువుకు వంగదు. పైన ఖమ్మం నల్ల గ్రానైటు గట్టు. తలుపులకు ఊడదీసే కీళ్లు పెట్టించుకుంటే, రెండో హెచ్చరిక వినగానే తలుపులు డాబా ఎక్కుతాయి, బండలు ఉన్నచోటే ఉంటాయి. కుర్రాడు ముఖం కాస్త చిన్నబుచ్చుకున్నాడు, బిల్లు సగానికి పడిపోయింది మరి. పై అరలు అతనికే ఇచ్చాం.

ఆ పై అరల దగ్గరా అమ్మ అడ్డుపడింది. "నాకు అందేది ఎంతవరకో అంతవరకే కొట్టండిరా" అని చెయ్యెత్తి గోడకు ఆనించి నిలబడింది. గోడ మీద పెన్సిల్ గీత పడింది. కేటలాగు ఎత్తుకంటే అది జానెడు కిందికొచ్చింది. స్టవ్వు మీద పొడుగు గిన్నె పెడితే తగులుతుందని కుర్రాడు గొణిగాడు, ఆ మాటా నిజమే. స్టవ్వు పైన ఖాళీ వదిలి, పక్కకు జరిపి కొట్టించాం.

గ్యాసు సిలిండరును మాత్రం తలుపుల వెనక దాచనివ్వలేదు. వంట గ్యాసు గాలి కన్నా బరువు, కారితే నేలకు దిగి మూలల్లో పేరుకుంటుంది. అందం కోసం మూసిన అర అయితే అడుగున ఖాళీ ఉండి తీరాలి. సిలిండరును బయట వరండాలో పెట్టి పైపు లోపలికి తెచ్చుకుంటున్నాం.

మిగిలింది రంగు. పిల్లలు తెలుపంటున్నారు. పోపు వేసే ఇంట్లో తెల్ల తలుపులు ఎవరు తుడుస్తారో వాళ్లే రంగు తేల్చాలని మా ఆవిడ అంది. అప్పటినుంచి పిల్లలు ఆ మాట ఎత్తడం లేదు.