ఉద్యోగం మారితే జబ్బు నయమవుతుందా?

నలభై, యాభై ఏళ్ల మధ్య ఉన్న ఇంజనీర్లు ఈ మధ్య నన్నొక ప్రశ్న తరచుగా అడుగుతున్నారు. పెద్ద కంపెనీల్లో ఇరవయ్యేళ్లు పనిచేసినవారు వీరు. ఇక ఆ కొలువు చాలించి, సొంత ఊళ్లో పిల్లలకు పాఠాలు చెబుతూ, దారి చూపుతూ బతకాలని వీరి కోరిక. కోరిక మంచిదే. కాని దాని వెనుక మరో ఆశ దాగి ఉంటుంది. పని మారితే ఒంట్లో బాధలు వాటంతటవే పోతాయని! ఆ సంగతే ఈ వారం ముచ్చటించుకుందాం.

దేవరకొండ వైపు నుంచి ఒకాయన గుండెదడతో వచ్చారు. రాత్రుళ్లు నిద్ర లేదు. రక్తపుపోటు 160/100 ఉంది. "ఉద్యోగం ఇడిసిపెడితే బీపీ తగ్గుతదా సార్? నల్లగొండల పాలిటెక్నిక్ పిల్లలకు ఇంటర్వ్యూలు నేర్పుకుంట బతుకుదామనుకుంటున్న" అన్నారు.

తగ్గితే సంతోషమే. అయితే రక్తపుపోటుకు పై అధికారి ఒక్కడే కారణం కాదు. వంశం, వయసు, ఉప్పు, పెరిగిన బరువు, పొగ, మద్యం... ఇవన్నీ మనతోపాటే కొత్త పనిలోకీ వస్తాయి. రాజీనామా కాగితం మందుచీటీ కాదు. ఆయనకు అదే చెప్పి, మాత్రలు మొదలుపెట్టాను. ఏడాది తర్వాత ఉద్యోగం మానేశారు గాని మాత్ర మానలేదు. ఇప్పుడు పోటు అదుపులో ఉంది.

కోటా పేరు వినని తల్లిదండ్రులు అరుదు. అక్కడ కోచింగుకు ఆద్యుడు వి.కె. బన్సల్ మెకానికల్ ఇంజనీరు. కోటాలోనే జె.కె. సింథటిక్స్‌లో పనిచేసేవారు. కండరాలు క్రమంగా క్షీణించే మస్క్యులర్ డిస్ట్రఫీ ఆయనకు వచ్చింది. ఇంటి దగ్గర కొద్దిమంది పిల్లలతో మొదలుపెట్టి, చక్రాల కుర్చీలో కూర్చునే పాఠాలు చెప్పారు. 2021లో కన్నుమూశారు. పాఠాలు ఆ జబ్బును నయం చేయలేదు. ఒంటికి తగిన పనిని ఆయన ఎంచుకున్నారు, అంతే. మన చుక్కా రామయ్య గారు ఇంజనీరు కారు, ఉపాధ్యాయుడు. ఉద్యోగ విరమణ తర్వాతే నల్లకుంటలో ఐ.ఐ.టి. శిక్షణతో పేరు తెచ్చుకున్నారు. కనుక వయసు అడ్డం కాదు, సన్నాహం లేకపోవడమే అడ్డం.

రాజీనామాకు ముందే ఈ జాగ్రత్తలు తీసుకోండి:

1. రక్తపుపోటు, చక్కెర చూపించుకోండి. ముప్ఫై దాటినవారికి ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో ఈ పరీక్షలు ఉచితం.

2. కంపెనీ ఇచ్చిన వైద్య బీమా సాధారణంగా ఉద్యోగంతోనే పోతుంది. సొంత బీమా ముందే తీసుకోండి. పాత జబ్బులకు మూడేళ్ల వరకు వర్తించకపోవచ్చు.

3. గొంతును కాపాడుకోండి. కేకలు వేయకండి. మధ్యమధ్య మంచినీళ్లు తాగండి. బొంగురు మూడు వారాలైనా తగ్గకపోతే చెవి, ముక్కు, గొంతు డాక్టరుకు చూపించండి.

4. క్లాసులు తెల్లవారుజామున, సాయంత్రం ఉంటాయి. తిండి వేళ తప్పనివ్వకండి. గంటలకొద్దీ నిలబడకండి.

ఇక పిల్లల సంగతి. ఆ ఇంజనీరు గారి దగ్గర మర్రిగూడ వైపు కుర్రాడొకడు ఉండేవాడు. లెక్కల్లో దిట్ట. ఇంటర్వ్యూకు వెళ్లిన ప్రతిసారీ తప్పేవాడు. ఈయన ఇంగ్లీషు మీద నెలల తరబడి కష్టపడ్డారు. చివరికి ఓ సాయంత్రం పాఠం పక్కన పెట్టి, "నీకేం భయం?" అని అడిగి ఊరుకున్నారు. చాలాసేపటికి ఆ కుర్రాడు నోటికి అడ్డం పెట్టుకున్న చెయ్యి తీశాడు. పళ్ల నిండా గోధుమరంగు గారలు! చిన్ననాడు తాగిన ఫ్లోరైడు నీళ్ల ఫలితం.

అది అశుభ్రత కాదు. చిగుళ్ల లోపల పళ్లు తయారయ్యే పసితనంలో, సుమారు ఎనిమిదేళ్లలోపు, పడిన మచ్చ. ఎంత తోమినా పోదు. దంతవైద్యులు మాత్రం చాలావరకు కప్పిపుచ్చగలరు. ఆ కుర్రాణ్ణి పంపించాం. ఇప్పుడు నోరు విప్పి మాట్లాడుతున్నాడు.

మా ఓ.పి.లోనూ ఇంతే. రోగి అసలు భయాన్ని లేచి వెళ్లబోతూ, తలుపు దగ్గర చెబుతాడు. అంతవరకు ఓపిక పట్టాలి. పాలమూరు పల్లెల్లో అమ్మానాన్నలు బొంబాయి, పూణెలకు కూలికి పోతే తాతమ్మ దగ్గర పెరిగిన పిల్లలున్నారు. ఆఫీసు గది ఎలా ఉంటుందో వారికి చెప్పినవారు లేరు. వారికి మీ అనుభవం కావాలి. అంతకంటే ముందు మీ చెవి కావాలి.

పిల్లవాడు నిద్ర, తిండి మానినా, "నేనెందుకూ పనికిరాను" అంటున్నా చదువు ఆపించి అడగండి. చావాలనిపిస్తున్నదా అని సూటిగానే అడగండి. అడిగితే ఆ ఆలోచన పుట్టదు. ఒంటరిగా వదలకండి. మానసిక వైద్యుడికి చూపించండి. టెలి మానస్ నంబరు 14416కు ఏ వేళనైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు. తెలుగులో మాట్లాడతారు.

మీ మాత్ర మీరు వేసుకోండి. పిల్లవాడి మాట మీరు వినండి. ఈ రెండూ చేయగలిగితే నిశ్చింతగా రాజీనామా ఇవ్వండి.